ముక్కులో నూనె చుక్క

మల్కాపురంలో పసిపిల్లలకు నీళ్ళు పోయాలంటే దేముడమ్మే రావాలి. ముప్పయ్యేళ్ళుగా ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళంతా ఆమె చాచిన కాళ్ళ మీద పడుకుని స్నానం చేసినవాళ్ళే. వాళ్ళలో కొందరు ఇప్పుడు షిప్‌యార్డులో వెల్డర్లు, ఒకడు ట్రాఫిక్ కానిస్టేబులు. ఆ కానిస్టేబులు ఎదురైతే, పదిమందీ వింటూండగా, తన కాళ్ళు ఎన్నిసార్లు తడిపేశాడో గుర్తుందా అని అడగడం ఆమెకు మహా సరదా.

ఆమెకో పద్ధతి ఉంది. ఇంట్లోకి రాగానే బిడ్డ దగ్గరికి వెళ్ళదు. బాలింత తిన్నదా, రాత్రి కాస్తయినా కన్ను మూసిందా అని అడుగుతుంది. తినలేదంటే గోడకి చేరగిలబడి కూర్చుంటుంది. ఆ పిల్ల తినేదాకా, నీళ్ళు చల్లారిపోయినా సరే, లేవదు. అత్తగార్లు సణుగుతారు. సణగనిస్తుంది.

ఆ పద్ధతే జయశీల కంట్లో పడింది. జయశీల మధురవాడ వైపు ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చెల్లెలి పురుడికి వచ్చి, వారం రోజులు దేముడమ్మ పని చూసింది. కాలేజీలో ఆ ఏడు కొత్తగా ఒక క్లాసు పెట్టారు. రోగాన్ని ఒక్కదాన్నే కాక మనిషిని మొత్తంగా చూడటం నేర్పే క్లాసు. యోగా మాస్టారు ఒకరోజు, ఆయుర్వేద డాక్టరు ఇంకోరోజు వచ్చి చెప్పి వెళ్ళారు. పాత పద్ధతుల్లో ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో విద్యార్థులే చదివి తేల్చుకోవాలి. ఆ క్లాసుకి వచ్చి బిడ్డకి నీళ్ళు పోసి చూపించమని జయశీల దేముడమ్మను అడిగింది.

"నానేటి, పాటం సెప్పడమేటి?" అంటూనే దేముడమ్మ ఒప్పుకుంది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో వేరే చెప్పనక్కర్లేదు.

రెండు బస్సులు మారి వెళ్తే, అక్కడ చాప మీద రబ్బరు బొమ్మ పెట్టి ఉంది. ఏడవనిదానికి, తన్ననిదానికి నీళ్ళెందుకు, గుడ్డతో తుడిచేస్తే పోలేదా అని ఆమె దాన్ని పక్కన పెట్టేసింది. అప్పుడు ల్యాబ్‌లో పనిచేసే రాణి తన మూడు నెలల కొడుకుని తెచ్చింది. తిన్నావా అని అడిగితే తినలేదంది. ఇంకేముంది, క్యాంటీన్ నుంచి ఇడ్లీ వచ్చి, రాణి తినేదాకా నలభైమంది విద్యార్థులూ ఎదురుచూశారు. మొదట గడియారాలు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే పుస్తకాలు తెరిచి ఏదో రాసుకోసాగారు.

దేముడమ్మ అరచేతులు రుద్దుకుని వేడిచేసుకుని పిల్లాడికి నూనె రాసింది. వాడు ఆమె మొహంలోకే చూస్తూ చప్పుడు చెయ్యకుండా పడుకున్నాడు. చివరికి వేలు నూనెలో ముంచి వాడి ముక్కు దగ్గరికి తెచ్చేసరికి, వెనక వరసలో ఎవాంజలిన్ లేచి నిలబడింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"మామ్మగారూ, ముక్కులో వద్దండీ."

"ఏటమ్మా, ఎందుకొద్దు?"

ఆ అమ్మాయి కూర్చోకుండానే చెప్పింది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు, పసివాళ్ళకి దగ్గు, ఆయాసం, ఒక్కోసారి న్యుమోనియా కూడా రావచ్చు.

దేముడమ్మ మొహం వేడెక్కింది. తన చేతిమీద పెరిగిన వాళ్ళంతా గుండ్రాళ్ళలా ఉన్నారని అనబోయింది. అంతలో తమ వీధి కామరాజు కూతురు గుర్తొచ్చింది. నెలల పిల్లప్పుడు ఇరవై రోజులు విడవకుండా దగ్గింది. దిష్టి అనుకుని ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. చివరికి ఆసుపత్రిలో చేర్చాక తగ్గింది. ఆ పిల్ల ముక్కులో రోజూ నూనె వేసింది తనే. దానివల్లేనో కాదో ఇప్పుడెవరు చెప్పగలరు? కానీ ఇంతమంది ముందు ఈ చెయ్యి తప్పు చేసిందని ఒప్పుకుంటే, రేపు ఈ చేతికి బిడ్డనిచ్చేదెవరు?

వేలు కొంగుకి తుడుచుకుంది.

"రాసుకోండమ్మా, ముక్కులో నూనె ఒద్దు. నాను సెప్పినట్టు కాదు, ఆ పిల్ల సెప్పినట్టు రాయండి." తర్వాత ఎవాంజలిన్‌ని పిలిచింది. "దా, కూకో. కాళ్ళు సాపు."

పిల్లాణ్ణి కాళ్ళ మీద పెట్టగానే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నువ్వు ఊపిరి బిగబట్టావు, వాడికి తెలిసిపోతుంది, ముందు ఊపిరి వదులు అంది దేముడమ్మ. ఎవాంజలిన్ వదిలింది. వాడు కాసేపటికి ఊరుకున్నాడు. ఊరుకుని ఆమె యూనిఫాం తడిపేశాడు. క్లాసంతా నవ్వింది, ఎవాంజలిన్ కూడా.

అసలు గండం మర్నాడు పొద్దున్న వచ్చింది. దేముడమ్మ తమ వీధిలోనే ఉండే ధనలక్ష్మి మనవడికి నీళ్ళు పోసి తుడుస్తూంటే, ముక్కు మర్చిపోయావని ధనలక్ష్మి గుర్తుచేసింది. మర్చిపోలేదని, వెయ్యకూడదని దేముడమ్మ విషయం చెప్పింది.

"మరి నా కొడుక్కి ఆర్నెల్లు ఏసినావు కదే?"

ఆసుపత్రివాళ్ళు ఈమధ్యే రూలు మార్చారని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏసినాను. తప్పే సేసినాను."

ధనలక్ష్మి లోపలి గదివైపు చూసింది. కొడుకు తాతబాబు స్టీల్‌ప్లాంటులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కిటికీ రెక్కలు అదిరేలా నిద్రపోతున్నాడు.

"అందుకేనేటే ఆ గురక?"

"అది మీ ఆయన పోలిక. నా మీదెట్టకు."

మంచం మీద కోడలు కిసుక్కున నవ్వింది. ధనలక్ష్మి మాత్రం నవ్వలేదు. రేపట్నుంచి పక్కవీధి నూకాల్ని పిలుచుకుంటానంది. నూకాలూ నీళ్ళు పోసే మనిషే, ముక్కులో రెండేసి చుక్కలు వేస్తుంది.

"పిల్సుకో. ఈలోపు నానే దానికాడికెల్లి సెప్తాను" అని దేముడమ్మ లేచి, తడికాళ్ళతోనే పక్కవీధికి వెళ్ళింది.

నూకాలు వినలేదు. రెండోరోజూ వెళ్ళింది, రెండోరోజూ వినలేదు. జయశీలతో కబురుపెట్టి, ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వచ్చిన ఎవాంజలిన్‌ని బస్టాపు దగ్గర కలుసుకుని నూకాలింటికి వెంటబెట్టుకెళ్ళింది. ఈ పిల్లెవరే అని నూకాలు అడిగితే, "మా మేస్టరమ్మ" అని చెప్పి, ఆ అమ్మాయికి పీట వేసింది.