కంచెకు పెట్టిన వెదురు తలుపు

మాది కొండల దిగువన లోహం కరిగించే ఫ్యాక్టరీ. కొలిమి ఎప్పుడూ ఆరదు. కరెంటు, బొగ్గు ఎంత పోసినా దానికి చాలదు. వదిలే పొగ తగ్గించుకోవడానికి కొంత బొగ్గు మానేసి, మిగతా పొగకు బదులుగా కొండల మీద చెట్లు పెంచాలని మా యాజమాన్యం నిర్ణయించింది. ఆ చెట్ల పని నాది.

డుంబ్రిగుడ అవతల ఒక ఊరి వెనక కొండవాలు ఎంచుకున్నాను. ఊరంతా ఒప్పుకున్నారని రిపోర్టు రాశాను. నిజానికి ఊరి పెద్దను ఒక్కడినే కలిశాను. ఆయనిచ్చిన టీ తాగి, ఆయన నవ్వును ఒప్పుదల కింద రాసుకున్నాను.

మొక్కల చుట్టూ వేసిన కంచె, అడ్డాకుల అడవికి వెళ్లే కాలిబాటను మూసేసింది. ఆ ఆకులతో విస్తళ్లు కుట్టి సంతలో అమ్ముకునే ఆడవాళ్లు, చుట్టూ తిరిగి వెళ్లలేక నాతో మొర పెట్టుకున్నారు. పైవాళ్లతో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు. దారి వదిలితే మేకలు దూరి మొక్కలు తినేస్తాయని, నాకు చెడ్డపేరు వస్తుందని భయం.

చైత్రంలో, మా చెట్ల లెక్క సరైనదని సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి మొక్కల తనిఖీకి వచ్చిన మేడమ్‌ని జీపులో తీసుకెళ్లాను. అది కొండ ఊళ్లవాళ్లు విత్తనాలకూ వేటకూ చేసుకునే ఇటుకల పండగ అని గుర్తే లేదు. ఊరి ముందు ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పట్టుకున్నారు. ఆ రోజుల్లో ఏదో ఒకటి ఇస్తేగాని బండిని కదలనివ్వరు. కోప్పడకూడదు, అది ఆనవాయితీ. జేబులో చెయ్యి పెట్టాను.

“నీ డబ్బులెవులిక్కావాల బావా? కంచిలో దారియ్యి,” అంది అందరిలోకీ పెద్దామె.

“పండగ పూట ఇదేం బేరం అప్పా?”

“ఇయ్యకపోతే పేడనీళ్లే. పాపం, కొత్త సొక్కా ఏసుకొచ్చినావు!”

వెనక ఒక గుంటపిల్ల బకెట్టు పైకెత్తి చూపించింది. నవ్వులే నవ్వులు.

“ఏ దారి?” అని అడిగారు మేడమ్. పండగ మామూలు అడుగుతున్నారని చెప్పేద్దామనిపించింది. కానీ అంతమంది నవ్వు ముఖాల ముందు ఆ అబద్ధం నోరు దాటలేదు. కంచె సంగతీ, అడక్కుండా రాసిన రిపోర్టు సంగతీ చెప్పేశాను.

ఆవిడ నా వైపు తిరిగారు. “ముందు దారి ఇవ్వండి. తర్వాత ఊరందరినీ కూర్చోబెట్టి అడగండి. వాళ్లు సరేనన్నాకే నా సంతకం,” అన్నారు.

జీపులోంచి కటింగ్ ప్లేయరు తీసుకుని అందరం కొండెక్కాం. పాత కాలిబాట దగ్గర తీగలు కత్తిరించాను. రోడ్డుకు అడ్డం పెట్టిన బొంగునే మోసుకొచ్చి ముక్కలు చేసి, మేకలు దూరకుండా తలుపు కట్టారు వాళ్లు. పెద్దామె దాన్ని తీసి, దాటి, మళ్లీ మూసి చూపించింది. నాకు కొండంత బరువు దిగింది.

“ఏటి సూత్తన్నావు? బేగి నడు, డప్పులు మోగతన్నాయి!”

నేను ఊళ్లోకి దిగేసరికి మేడమ్ అప్పుడే థింసా నాట్యం వరసలో చేరిపోయారు. నేనూ చేరబోతుంటే నెత్తి మీద దబ్బున పేడనీళ్లు పడ్డాయి.

“దారి ఇచ్చాను కదా అప్పా!”

“ఇచ్చినావు. ఇది ఆలీసం సేసినందుకు!”

అలా తడిసి కారుతూనే ఆ వరసలో నిలబడి, చివరి దాకా తప్పుల తడక అడుగులు వేశాను.