రెండు పరీక్షలు మిగిలి ఉండగా

తండ్రి చదువు మాన్పించాడు, పాపం టీచరమ్మ ఇంటికి వెళ్ళి మరీ కొట్లాడింది. సరోజన గురించి మా వరంగల్ బడిలో ఇప్పటికీ చెప్పుకునేది ఇదే. అబద్ధం. ఆ టీచరమ్మను నేనే. పదిహేనేళ్ళుగా ఈ మెచ్చుకోలును కాదనకుండా మోస్తున్నాను. కాదనడానికి నోరు లేకనా? నా నోటి సంగతి స్టాఫ్‌రూంలో ఎవరినడిగినా చెబుతారు.

డెబ్బైల్లో ఆ బడిలో ఆడ టీచరును నేనొక్కదాన్నే. ఏడో తరగతి ఆడపిల్లల సంగతులన్నీ హెడ్మాస్టరు నాకే వదిలేశాడు. ఏడులో పబ్లిక్ పరీక్ష గట్టెక్కితేనే హైస్కూలు. సరోజన బజారులో కిరాణాకొట్టు వాళ్ళ పిల్ల. లెక్కల పరీక్ష రాసి వచ్చి నన్ను వరండా చివరికి పిలిచింది. లంగాకు వెనక పుస్తకాల సంచి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మకు జెప్పకుండ్రి మేడం. ఇంక రెండే పరీక్షలున్నయి. జెప్తే మూలకు కూసోవెడ్తది, తొమ్మిది దినాలు గడప దాటనియ్యది. పరీక్షలైనంక నేనే జెప్పుకుంట."

"నేనెందుకు జెప్త? నువ్వు ఫికర్ జెయ్యకు, పొయ్యి సదువుకో."

బట్ట ఇచ్చాను. ఎలా పెట్టుకోవాలో చెప్పాను. అక్కడితో ఆగితే ఏం పోయేది?

సాయంత్రం కొట్టు వెనకే ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఇందులో దాచుకోవాల్సింది ఏముందని తల్లిని నిలదీసి, ఒప్పించి, పిల్ల తలెత్తుకుని పరీక్షకు వచ్చేలా చేద్దామని వెళ్ళానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. డిగ్రీ చదివినదాన్ని, వాదిస్తే ఓడననే పొగరుతో వెళ్ళాను. పిల్ల అడిగింది నోరు మూసుకోమని. అదొక్కటే నాకు చేతకాలేదు.

తల్లి అంతా విన్నది.

"మంచిగ జెప్పినవ్ టీచరమ్మా, లేకుంటే గిది ముట్టుతోనే దేవుని అర్రల తిరిగేది. పరీక్షదేమున్నది, మల్లేడు రాస్తది. నీ లెక్క నోరు పెరిగేదాంక సదివియ్యాల్నా ఏంది?"

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. అరిచాను. కొట్టు ముందు సరుకులు కట్టించుకుంటున్న వాళ్ళంతా తలలు తిప్పి విన్నారు. పిల్ల పెద్దమనిషైందని బజారంతా తెలిశాక, తండ్రి పంపాలనుకున్నా ఏ మొహంతో పంపుతాడు? సరోజన తలుపు పక్కనే నిలబడింది. నా వైపు చూడలేదు.

మిగిలిన రెండు రోజులూ పరీక్ష హాల్లో డ్యూటీ నాదే. ఆమె బెంచి ఖాళీ. మరుసటి ఏడు పంపలేదు. ఆమెకు పదిహేనో ఏడు రాగానే హనుమకొండలో ఇచ్చి పెళ్ళి చేశారు. నేను మాట ఇచ్చి తప్పానని ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఆమె అత్తగారి గల్లీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. వెళ్ళి ఏం చేస్తాను, మళ్ళీ మాట్లాడటమే కదా?

మీకు చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. దానివల్ల సరోజనకు ఒరిగేదేమీ లేదని తెలుసు. ఆమె కూతురు ఆరో తరగతికి వచ్చిందని విన్నాను. బడిలో ఏదైనా అయితే టీచరుకు చెప్పుకోమంటుందా ఆ పిల్లతో, చెప్పొద్దంటుందా?