శని ఆదివారాల శవం

పుల్లయ్య వారానికి రెండుసార్లు చస్తాడు. శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి. మిగతా రోజుల్లో మొక్కలకు నీళ్లు పోస్తాడు, కార్లలోంచి బ్యాగులు దించుతాడు, స్నానాల గదులు కడుగుతాడు. వేళాకోళానికి చెబుతున్న మాట కాదిది. అతని ఉద్యోగమే అది.

మైదుకూరు నుంచి బద్వేలు పోయే దారిలో గుట్ట కింద సీమకోట అని ఒక రిసార్టు వెలిసింది. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి జనం కార్లేసుకుని వస్తారు. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు తింటారు, ఎడ్లబండి ఎక్కి ఫోటోలు దిగుతారు. పొద్దు గూకే వేళకు ఆరుబయట కుర్చీలు వేసి అసలు సరుకు చూపిస్తారు. రెండు సుమోలు దుమ్ము లేపుకుంటూ వస్తాయి. తెల్లపంచెల వాళ్లు దిగి వేటకొడవళ్లతో ఒక మనిషిని తరిమి తరిమి నరుకుతారు. కొడవళ్లు చెక్కవి, నెత్తురు రంగునీళ్లు, నరికించుకునేవాడు పుల్లయ్య. మన ఇళ్లలో ఎవరెవరు ఎట్లా పోయారో, ఆడవాళ్లు ఎట్లా బతికారో ఒక్కడూ అడగడు. టికెట్ కొంటాడు, చూస్తాడు, పోతాడు. చెబుతుంటే నా ఒళ్లు మండుతుంది గానీ, మండి ఏం లాభం, కథ చెప్పుకుందాం.

నరికేవాళ్లకు ఆటకు ఏడొందలు, చచ్చేవాడికి ఐదొందలు. మోకాళ్లు చెక్కుకుపోయేది నాకైతే కూలి వాళ్లకెక్కువా అని పుల్లయ్య ఒకసారి అడిగాడు. రిసార్టు యజమాని భూపేష్ ఫోన్ లోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"నరికేవాడు పరిగెత్తల్ల, అరవల్ల. నువ్వు చేసేదేముండాదప్పా, పండుకోవడమే గదా."

పుల్లయ్య మోకాళ్లు దులుపుకుని పనికి పోయాడు. రెండు బోర్లు వేయించిన చేను ఎండిపోయి ఉంది. పొలం కూలి ఏడాదిలో సగం నెలలు కూడా దొరకదు. ఇక్కడ తల్లి సిద్దమ్మకు కూడా పని ఉంది. చెట్టు కింద పొయ్యి ముందు కూర్చుని, వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటూ ఉంటే జొన్నరొట్టెలు తట్టడం ఆమె పని.

తల్లీకొడుకులు ఒకే చోట పనిచేస్తారు, ఒకే ఇంట్లో ఉంటారు, కానీ మాటలు తక్కువ. దాని వెనక ఒక కథ ఉంది.

పుల్లయ్యకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి గోపన్నను కాలువకట్ట మీద నరికారు. నాటకం కాదు, నిజంగా. గోపన్న వాళ్ల ఊరి పెద్దాయన నారపయ్య మనిషి. ఆయన వెంట కొడవలి పట్టుకుని తిరిగినవాడు. ఎదుటి పార్టీవాళ్లు ఒంటరిగా దొరికించుకుని కండకండగా నరికారని ఊరంతా అనుకుంది. శవాన్ని నులకమంచం మీద వేసుకొచ్చి ఇంటి ముందు దించారు. చెయ్యి ఒకటి గోనెసంచిలో విడిగా వచ్చింది. పుల్లయ్య దాన్ని చూశాడు, చూసి తల్లి వైపు చూశాడు. సిద్దమ్మ ఏడవలేదు.

మా పక్క ఆడమనిషి శోకం తీయడమంటే ఉత్త ఏడుపు కాదు. పోయినవాడు ఎట్లా బతికాడో, ఎట్లా పోయాడో, ఎవరి చేత పోయాడో, పేరుపేరునా రాగం తీసి చెబుతుంది. శవాన్ని లేపేదాకా ఆమెదే రాజ్యం. అంతవరకు ఆమెను ఆపే హక్కు ఎవడికీ లేదు, ఊరి పెద్దకైనా, పోలీసుకైనా. మధ్యలో తెంచితే పోయినవాడు దారి తెలియక అక్కడే నిలబడిపోతాడని అంటారు. అట్లాంటిది, కట్టుకున్నవాడి శవం ముందు సిద్దమ్మ నోరు గట్టిగా మూసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. రాతిగుండెది అని ఊరు ఊరంతా తిట్టింది. పుల్లయ్య తిట్టలేదు గానీ, నా నాయన కోసం ఈమె ఏడవలేదు అన్న మాటను ముల్లులాగా లోపల పెట్టుకుని పెరిగాడు. అన్నం పెట్టమ్మా, నీళ్లు తోడినానమ్మా అంటాడు, అంతే. ఎందుకు ఏడవలేదని మాత్రం ముప్పై ఏళ్లుగా అడగలేకపోయాడు.

భూపేష్ ఆ నారపయ్య కొడుకే. చిన్నప్పటి నుంచి మద్రాసు హాస్టళ్లలో చదివి, డబ్బుతో తిరిగి వచ్చినవాడు. మొన్న వేసవిలో అతనికి ఒక కొత్త ఆలోచన పుట్టింది. శవం మీద పడి ఏడ్చే ఆడది ఒకటి ఉంటే ఆట రక్తి కడుతుందని కడప నుంచి ఒక నాటకాల అమ్మాయిని పిలిపించాడు. ఆ పిల్ల కెవ్వుమని అరిస్తే జనం నవ్వారు. అప్పుడెవరో చెవిలో వేశారు, రొట్టెల సిద్దమ్మ మొగుడు నిజంగానే నరుకుళ్లలో పోయాడని.

"పుల్లయ్యా, వచ్చే శనివారం మీ యమ్మ ఏడుస్తాది. వెయ్యి ఇస్తా. టూరిజం పెట్టుబడులోళ్లు వస్తాండారు. మా నాయన గూడా వచ్చి ముందర వరసలో కూర్చుంటాడు."

"అన్నా, మాయమ్మ నిజం చావుకే ఏడవలేదు. దొంగ చావుకు ఏడుస్తాదా?"

"ఏడిపించుకోని రా. లేదంటే సోమవారం నుంచి ఇద్దరూ రావద్దండి."

పక్కనే చెక్క కొడవలికి వెండిరంగు పూస్తున్న దాసన్న చెయ్యి ఆగిపోయింది. నరికే గుంపుకు అతనే పెద్ద. అరవై దాటినవాడు, ఒకప్పుడు నారపయ్య దగ్గర నిజం కొడవలి పట్టినవాడు. "వద్దప్పా భూపేషూ," అన్నాడు. "ఆ యమ్మ జోలికి మాత్రం వద్దు." భూపేష్ విననట్టే ఫోన్ ఎత్తుకుని వెళ్లిపోయాడు.

పుల్లయ్య సిగ్గుతో చచ్చిపోతూ పొయ్యి దగ్గరికి వెళ్లి విషయం చెప్పాడు. సిద్దమ్మ రొట్టె తిప్పింది. రెండోవైపు కాల్చి పెనం మీంచి దించింది.

"పెద్దాయన వస్తాడంటనా?"

"వస్తాడంట."

"శోకం ఎత్తుకుంటే ముగిసేదాకా ఆపగూడదు. ఆపనని ఆ పిల్లోణ్ణి నలుగురి ముందర చెప్పమను." ఆమె పిండిచేతులు తుడుచుకుని కొడుకు ముఖంలోకి సూటిగా చూసింది. "నీకూ ఒక మాట. శవం లేస్తే శోకం అయిపాయినట్లే. ఏం జరిగినా నువ్వు లేయగూడదు. లేస్తే నన్ను సంపినట్లే."

భూపేష్ నవ్వుతూ అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఎంతసేపైనా ఏడవనీ, కెమెరాలు ఉన్నాయి కదా అన్నాడు. తన ఊరి మర్యాద తనకే తెలియని మనిషి, ఏం ఒప్పుకుంటున్నాడో అతనికి తెలియలేదు.

శనివారం కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో పెట్టుబడులవాళ్ల మధ్య నారపయ్య తెల్లని బట్టల్లో కూర్చున్నాడు. ముసలితనం ముంచుకొచ్చినా మీసం మాత్రం దువ్వి ఉంది. ఇద్దరు ముగ్గురు వచ్చి ఆయనతో ఫోటో దిగారు.

సుమోలు వచ్చాయి. పుల్లయ్య పరిగెత్తాడు. దాసన్న గుంపు తరుముకొచ్చి మోకాలి కింద కొట్టి పడేసింది. మెడ మీద ఒకటి, భుజం మీద ఒకటి, చెక్క అయినా వాతలు తేలతాయి. రంగునీళ్ల సంచి పగిలి చొక్కా అంతా ఎర్రగా తడిసింది. జనం ఈలలు వేశారు. పుల్లయ్య కళ్లు మూసుకుని, మట్టిలో చెంప ఆనించి చచ్చిపోయాడు.

అప్పుడు సిద్దమ్మ వచ్చింది. పరిగెత్తలేదు. నడిచి వచ్చి, తల దగ్గర కూలబడి, జుట్టు విప్పుకుని, రెండు చేతులతో రొమ్ము మీద ఒక్కటి కొట్టుకుంది.

"ఓ పుల్లయ్య నాయనా... ఒట్టి చేతులతో పోతివే నా రాజా..."

తల్లికి ఇట్లాంటి గొంతు ఉందని పుల్లయ్యకు తెలియదు. కుర్చీల్లో ఈలలు ఆగిపోయాయి.

"కోడి కూయకముందే మనిషిని పంపె నారపయ్య... రాజీ మాట్లాడల్ల, ఒంటిగా రమ్మనె నారపయ్య... కొడవలి ఇంట్లో పెట్టి రమ్మనె నారపయ్య... పెద్దాయన మాట కాదనగూడదని పోతివే నా రాజా..."

పుల్లయ్యకు అప్పుడు తెలిసింది. నాయనను చావుకు పంపింది ఎదుటి పార్టీ కాదు. నాయన ఎవరి కోసం కొడవలి పట్టాడో ఆ మనిషే.

"ఆపండి," అని భూపేష్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "దాసన్నా, ఆ ముసలిదాన్ని లాగెయ్."

దాసన్న చెక్క కొడవలిని నేల మీద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, చావింటి ముందు కూర్చున్నట్టు కింద కూర్చున్నాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కూర్చున్నారు.

"వాళ్ల దాంట్లో ఒకడు కూలినాడని, మన దాంట్లో ఒకణ్ణి అడిగిరే... రాజీకి బదులు నిన్నిచ్చెనే నారపయ్య... కట్ట మీద నీళ్లు నీళ్లంటివంట, కాలువ పక్కనే పారతాంటే గుక్కెడు పోసినోడు ల్యాకపాయెనే..."

ఇంతమంది ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉండగా ముసలామె మీద భూపేష్ చెయ్యి వేయలేడు. కానీ శవం మీద వేయవచ్చు, శవం లేస్తే ఆట అక్కడికి ముగుస్తుంది. భూపేష్ వంగి పుల్లయ్య చెవిలో "లేయ్‌రా నా కొడకా" అన్నాడు. పుల్లయ్య కదల్లేదు. భూపేష్ బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఆటలో ఇదీ ఒక భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినగానే భూపేష్‌కు ధైర్యం వచ్చింది. మళ్లీ తన్నాడు, అదే చోట. లోపల ఏదో పుటుక్కుమంది. వెనక నుంచి అతని డ్రైవరు కొసకు ఇనుప పొన్ను వేసిన కర్ర తెచ్చి తొడల మీద, వీపు మీద, పశువును బాదినట్టు బాదాడు. ఇది చెక్క కొడవలి కాదు. పుల్లయ్య నోట్లోకి నెత్తురు వచ్చింది, ఉప్పగా. మట్టిని పళ్ల మధ్య కరిచిపట్టి, వేళ్లు కూడా ముడవకుండా, శవం పడుకున్నట్టే పడుకున్నాడు. ఆనాడు భూపేష్ అన్న మాటే, పండుకోవడమే కదా. ఆ పని ఎంత కష్టమో ఆ సాయంత్రం అతనికే మొదటిసారి తెలిసింది.

సిద్దమ్మ చూస్తూనే ఉంది. కన్నకొడుకు మీద పడే ప్రతి దెబ్బా చూస్తూనే ఉంది. అయినా శోకం ఆపలేదు.

"నీ మొగం సూడబోతే నా నోరు మూసెనే నారపయ్య... ఏడిస్తే ఈ పిల్లోడు రేపటికుండడనె నారపయ్య... నీకోసరం ఏడవల్లనా, నీ బిడ్డకోసరం నోరు మూసుకోవల్లనా నా రాజా... రాతిగుండెదంటే పడితినే, నీ బిడ్డే నాతో మాట్లాడకపాయెనే... నీ బిడ్డ బతికుండాడు నా రాజా, సూసుకోని పో, ఇంక పో..."

పుల్లయ్య కళ్లు మూసే ఉన్నాయి. వాటిలోంచి నీళ్లు కారి చెంప కింది మట్టి తడిసింది. శవం ఏడవకూడదని అతనికి తెలుసు, ఆపుకోలేకపోయాడు.

శోకం ముగిసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నల్లకళ్లద్దాల అమ్మాయి ఒకామె నవ్వుతూ నారపయ్య దగ్గరికి వెళ్లి, "అంకుల్, ఆ విలన్ మీరేనా, ఒక్క ఫోటో" అంది. ముసలాయన చేతిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కర్ర పట్టుకుని లేచాడు. ఆయన లేస్తే ఆ గుంపులో ప్రతివాడూ లేచి నిలబడటం నలభై ఏళ్ల అలవాటు. ఆ రోజు ఒక్కడూ లేవలేదు. దాసన్న తల కూడా తిప్పలేదు. పెద్దాయన కుర్చీల మధ్య దారి వెతుక్కుంటూ ఒంటరిగా కారు దాకా పోయాడు.

సిద్దమ్మ జుట్టు ముడి వేసుకుని కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టింది. "లేయ్ నాయనా. అయిపాయ."

పుల్లయ్య లేవబోయాడు, లేవలేకపోయాడు. పెట్టుబడులవాళ్లలో ఒకాయనకు అప్పుడు అనుమానం వచ్చి, "ఇది నిజం నెత్తురా?" అని అడిగాడు. దాసన్న, ఇంకో ముగ్గురు కలిసి పొయ్యి దగ్గరి నులకమంచం తెచ్చి, దాని మీద పుల్లయ్యను వేసి భుజాలకెత్తుకున్నారు. గేటు దగ్గర భూపేష్ అడ్డం వచ్చాడు. వాళ్లు ఆగలేదు, నేరుగా అతని మీదికే నడిచారు. అతనే పక్కకు తప్పుకున్నాడు.

రోడ్డు మీద ఆటో ఎక్కించి మైదుకూరు ఆసుపత్రికి బయలుదేరారు. సిద్దమ్మ ఒడిలో పుల్లయ్య తల ఉంది. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా విరిగిన పక్కటెముక లోపల పొడుస్తోంది. అతనికి అదేమీ పట్టలేదు.

"అమ్మా," అన్నాడు. "నువ్వు ఏడవలేదని ఇన్నేండ్లు నీతో సరిగ్గా మాట్లాడకపోతినే."

సిద్దమ్మ గొంతు పోయింది. బొంగురుగా, వినీవినపడనట్టు వచ్చింది మాట.

"తెలుసు నాయనా. మాట్లాడకపోయినా ఇంట్లో తిరుగుతాంటివి గదా. నాకు అదే శానా అనుకుంటి."

చీరకొంగు తడిపి, కొడుకు ముఖం మీది రంగునీళ్లు, నెత్తురు, రెండూ కలిపి తుడవడం మొదలుపెట్టింది.