కొలతలివ్వని వాళ్లకు కుట్టిన పేజీ

దర్జీ కొట్టులో గోడకు ఒక ఫ్రేము వేలాడుతూ ఉండేది. మంచి టేకు ఫ్రేము, పైన గాజు పలక, లోపల మాత్రం ఏమీ లేదు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడూ చేతులు పైకెత్తి నిలబడి, చూడ్డానికి ఇంకేమీ దొరక్క దాన్నే చూసేవాడు. "ఇందులో ఎవరి ఫొటో అండీ, ఊడిపోయిందా?" అని అడిగేవాడు. "ఫొటో కాదు, డిగ్రీ సర్టిఫికెట్టు. వస్తోంది, దారిలో ఉంది" అనేవాడు దర్జీ. ఆ సర్టిఫికెట్టు బయల్దేరి అప్పటికి ముప్పయ్యొక్క ఏళ్లు.

తప్పంతా తొందరది. ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రమే ఫ్రేము కట్టించుకొచ్చాడు మహానుభావుడు. ఫలితాలొచ్చాయి, ఒక్క పేపరు పోయింది. మళ్లీ రాద్దాంలే అనుకునేలోపు తండ్రికి చూపు మందగించి, కత్తెర ఈయన చేతికొచ్చింది. తర్వాత పెళ్లి, ఇద్దరు కూతుళ్లు, వాళ్ల చదువులు, ఊరందరి పొట్టలూ పెరగడాలు, ఈయన ప్యాంట్లు వదులు చేయడాలు.

కొట్టులో కాజాలు, బొత్తాలు భార్య పని. ఆ ఫ్రేము మీద ఆవిడకు ఇరవై ఏళ్లుగా కన్ను. తొడిగి చూసుకోవడానికి మూలన ఒక గది ఉంది, దానికి తెర ఉంది, లోపల అద్దం లేదు. చొక్కా ఎలా కుదిరిందో తెలియాలంటే బయటికొచ్చి దర్జీ మొహం చూడాల్సిందే. ఆ మొహం ఎప్పుడూ బ్రహ్మాండంగా కుదిరిందన్నట్టే ఉంటుంది. ఖాళీగా ఉన్న ఫ్రేములో ఒక అద్దం బిగిస్తే ఏం పోయిందని ఆవిడ పోరు.

అలాంటి రోజుల్లో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క పేపరు మిగిలిపోయిన పాత విద్యార్థులకు ఒకే ఒక్క అవకాశం ఇస్తారట. ఆ పాత పేపరు ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. బదులుగా వెబ్ పేజీల తయారీ నాలుగు నెలలు తరగతికొచ్చి నేర్చుకుని పాసవ్వాలి. తప్పితే ఆ డిగ్రీ మాట ఇక మర్చిపోవాల్సిందే.

"పాసైతే ఫ్రేము మీది, తప్పితే నాది. సరేనా?" అంది భార్య.

"సరే" అన్నాడు దర్జీ రోషంగా. వెబ్ పేజీ అంటే ఏమిటని చిన్నకూతురికి ఫోన్ చేసి అడిగింది ఆ తర్వాతే.

పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య యాభై మూడేళ్ల మనిషి, మెడలో కొలతల టేపు. నిద్రపోయేటప్పుడు తప్ప అది మెడ దిగదు. మొదటి రోజు మధ్యాహ్నానికల్లా తరగతి మొత్తానికీ ఆయన టేపు బాబాయి అయ్యాడు. పాఠం చెప్పే మేడమ్ ఆయన పెద్దకూతురి కంటే చిన్నది. ఆవిడ లోపలికి రాగానే ఈయన లేచి నిలబడేవాడు, ఆవిడ సిగ్గుతో సగమయ్యేది.

మొదటి నెల ఈయనదే రాజ్యం. వెబ్ పేజీలో తెరిచిన ప్రతి ట్యాగునూ, అంటే కోడ్‌లో పెట్టే గుర్తునూ, మళ్లీ మూయాలి, లేకపోతే పేజీ చెదిరిపోతుంది. సగం తరగతి మూయడం మరిచిపోయి జుట్టు పీక్కునేది. బొత్తం పెట్టని చొక్కా చేతికిచ్చి ఎరగని మనిషికి ఇదొక లెక్కా? పిల్లలు వరసకట్టి తమ కోడ్ చూపించేవారు. ఈయన తెర మీద వేలు పెట్టి వెతికి, "ఇదిగో, ఇక్కడ విప్పావు, పెట్టుకోలేదు. ఇలాగే వీధిలోకి వెళ్తావా?" అని మందలించేవాడు.

అక్కడే గర్వం తలకెక్కింది. ఎవరికి నచ్చిన పేజీ వాళ్లు చేయమంటే ఈయన తన కొట్టుకే పేజీ మొదలుపెట్టాడు. పేజీలో ప్రతి గడికీ వెడల్పు చెప్పాలి. పిక్సెళ్లలో, అంటే తెర మీది చుక్కల లెక్కలో, చెప్పొచ్చు. లేదా తెర వెడల్పులో ఇంత శాతం అనొచ్చు. ఈయన చెవి పిక్సెళ్ల దగ్గరే మూసుకుపోయింది. నడుము యాభై శాతం అని ఎవడైనా కొలతలిస్తాడా? మెడలోంచి టేపు తీసి, ల్యాబులో మూడో వరస కంప్యూటరు తెరను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అనుమానం తీరక మూలమూలకూ ఇంకోసారి కొలిచాడు. చుక్కల లెక్క కట్టి, కొట్టులోని కొలతల పుస్తకంలోనే, ఎవరిదో ఛాతీ కొలత కింద రాసుకున్నాడు. పేజీ తయారయ్యేసరికి ఆ తెర మీద వెంట్రుకవాసి ఖాళీ లేదు. పిల్లలు ముక్కున వేలేసుకున్నారు.

పరీక్షకు పది రోజుల ముందు మేడమ్ అందరి పేజీలూ గోడ మీది పెద్ద తెరపై వేయించింది. టేపు బాబాయి పేజీ ఆ తెరలో ఎడమ మూలన, పెద్ద మంచం మీద పసిపాపలా ముడుచుకు పడుకుంది. ఆవిడ తన ఫోన్లో తెరిచింది. సగం కొట్టే కనిపించింది, మిగతా సగం ఎటుపోయిందో తెలియదు. తరగతి గొల్లుమంది.

"అది మూడో వరస కంప్యూటరుకి కుట్టింది మేడమ్. ఎవరికి కుట్టింది వాళ్లే వేసుకోవాలి కదా!" అన్నాడు దర్జీ, చెవులు ఎర్రబడగా.

"వెబ్‌లో ఎవరూ ముందొచ్చి కొలతలివ్వరు అంకుల్" అందావిడ నెమ్మదిగా. "ఎవరొస్తారో, ఏ తెర పట్టుకొస్తారో మనకి తెలీదు. ఇలాగే ఉంటే పాస్ మార్కులు వెయ్యలేను."

ఆయనకు నిజంగానే బాధేసింది. నవ్వినందుకు కాదు. ఎవరికో తెలియకుండా కుట్టడమంటే రెడీమేడ్ పని. వీధి చివర రెడీమేడ్ దుకాణం వెలిసిన నాటి నుంచీ అటు మొహం తిప్పని మనిషి, చుట్టూ తిరిగైనా వెనక వీధిలోంచి వెళ్తాడు. "చావనైనా చస్తాను గానీ ఆ పని చెయ్యను. ఫ్రేము నువ్వే తీసుకో" అన్నాడు ఇంటికొచ్చి. ఆవిడ కాజా కుట్టుకుంటూ కూర్చుంది.

మూడోరోజు ఒక తల్లి తన కూతుర్ని తీసుకుని బడి బట్టలకు కొలతలివ్వడానికి వచ్చింది. "ఏపుగా పెరుగుతోందండీ, రెండేళ్లయినా వచ్చేలా కుట్టండి" అంది. అలవాటుగా టేపు సాచి, "అలాగేనమ్మా, లోపల మడత వదులుతాను, ప్రతి ఏడూ కొంచెం విప్పుకోండి" అంటూనే ఆగిపోయాడు దర్జీ. రెండేళ్ల తర్వాత ఈ పిల్ల ఎంతవుతుందో తనకేం తెలుసు? వచ్చి కొలతలివ్వని మనిషికి ముప్పయ్యేళ్లుగా కుడుతూనే ఉన్నాడు!

"కొలతలు నువ్వు తీసుకో" అని టేపు భార్య మెడలో వేసి, ఉన్నపళాన ల్యాబుకు పరిగెత్తాడు. ఆ టేపు లేకుండా ఆయన వీధిలో కనిపించడం అదే మొదలు. పేజీ మొత్తం విప్పేశాడు. ప్రతి గడికీ శాతాలు పెట్టాడు. రెండు గడులు పక్కపక్కన పట్టని చోట ఒకదాని కింద ఒకటి దిగేలా చేయడమెలాగో పిల్లల చేత చెప్పించుకున్నాడు.

పరీక్ష రోజు పేజీ పెద్ద తెర మీదా, ఫోన్లోనూ, మూల పడున్న పాత కంప్యూటరు మీదా చక్కగా సర్దుకుంది. ఆ తర్వాత పరీక్షకుడు సర్వర్ అంటే ఏమిటని అడిగాడు. పాఠం జరిగిన రోజు దర్జీ కొట్టులో ఇరవై సూట్ల హడావిడిలో ఉన్నాడు. "నన్ను ప్యాంటు గురించి అడగండి సార్" అన్నాడు దీనంగా. ఆ మనిషి నవ్వకుండా ఏదో రాసుకున్నాడు.

ఇంకేముంది, నెలంతా ముళ్లమీద కూర్చున్నట్టే గడిచింది. కొట్టులో కొలతలు కూడా భార్యే తీసుకుంటూ వచ్చింది. ఒక మధ్యాహ్నం యూనివర్సిటీ సైటులో ఫలితాలు పెట్టారు. దర్జీ ఫోన్లో తెరిచాడు. వరస సంఖ్య వచ్చింది, పేరు వచ్చింది, పేపరు పేరు వచ్చింది. అక్కడితో తెర అయిపోయింది. ఫలితం గడి అంచుకు అవతల ఎక్కడో ఉంది. వేలితో పక్కకు జరిపితే కనిపిస్తుంది, కానీ ఆ వేలు కదిలితేనా!

భార్య నోట్లోని దారం తీసి, ఫోన్ అందుకుని, తెరను పక్కకు లాగింది. పాస్.

దర్జీకి కళ్లు చెమ్మగిల్లాయి. అవి ఆరకముందే కోపమొచ్చింది. వెంటనే మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆ ఫలితాల పేజీ కుట్టిందెవరు? ఫోన్‌కి పట్టలేదు, ఇక్కడ నా ప్రాణం పోయినంత పనైంది!"

"నేనే అంకుల్" అంది ఆవిడ. "చదువుకునే రోజుల్లో చేశాను."

"పర్వాలేదులేమ్మా, పట్టుకురండి, విప్పి కుడదాం" అన్నాడు ఆయన, ఉదారంగా.

ఫోన్ పెట్టేసి చూస్తే భార్య బీరువా వెనక నుంచి పాత దుప్పటి చుట్టిన పలకేదో లాగుతోంది. నిలువెత్తు అద్దం, సొంత ఫ్రేముతో సహా.

"ఇదెప్పుడు కొన్నావు?"

"మీరు తరగతికెళ్లిన మొదటి వారమే. ఆ ఫ్రేము ఇక నాకు రాదని తెలిసిపోయిందిగా" అంది ఆవిడ. "చూస్తూ నిలబడతారేం, మేకు కొట్టండి."

దర్జీ అద్దాన్ని తెర వెనక గదిలో గోడకు ఆనించి, మేకు ఎక్కడ కొట్టాలో చూద్దామని అలవాటుగా మెడ తడుముకున్నాడు. టేపు ఇంకా ఆవిడ మెడలోనే ఉంది.