తాత కట్టించిన ఎత్తు హాలు... పైన పావురాలు, కింద మేము

మా చిన్నప్పుడు అన్నం కంచం ముందు కూర్చుంటే, మొదట తల ఎత్తి పైకి చూసేవాళ్ళం... దేవుడికి దండం పెట్టుకోవడానికి కాదు. పైన పావురం ఎక్కడ కూర్చుందో చూసుకుని, దాని కింద నుంచి కంచం జరుపుకోవడానికి!

మాది బీదర్ జిల్లా భాల్కి దగ్గర ధన్నూర. తాత ఏదో పని మీద బీదర్ వెళ్ళినప్పుడు ఒక పెద్ద బంగ్లా చూశాడట. నడిమింట్లో నిలబడి చూస్తే కప్పు రెండంతస్తుల పైన ఉందట. అంతే... ఊళ్ళో అలాంటి హాలు తనకే ఉండాలని పట్టుబట్టి కట్టించాడు. చుట్టూ మేడ గదులు, వాటి కిటికీలన్నీ హాల్లోకే తెరుచుకునేవి. పైన పెద్ద పెద్ద దూలాలు, వాటి మీద షాబాదు బండలు. గాలి కోసం గోడ పైభాగంలో రోషన్‌దాన్లు.

ఆ రోషన్‌దాన్లలోంచి గాలి ఎంత వచ్చిందో తెలియదు కానీ, పావురాలు మాత్రం వచ్చేశాయి.

దూలాల నిండా గూళ్ళు. గోడల మీద తెల్లగా, పచ్చగా కారి ఎండిపోయిన చారలు. పొద్దున లేచేసరికి దుప్పటి మీద ఈకలు. ముక్కులోకి ఎక్కే ఆ ఘాటు వాసన. ఏ నిచ్చెనా అంత ఎత్తు అందేది కాదు. అమ్మ కింద ఎంత కడిగినా మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. నీళ్ళ బిందె నుంచి పాల గిన్నె దాకా అన్నిటికీ మూతలే...

అదొక్కటేనా? వంటింట్లో మిరపకాయలు వేగితే మేడ మీద వాళ్ళంతా దగ్గు. పైన చిన్నమ్మ, చిన్నాన్న గుసగుసలాడుకున్నా కింద అందరికీ వినబడేది. చలికాలంలో ఎన్ని కుంపట్లు పెట్టినా వేడంతా పైన పావురాలకే.

మంచి అస్సలు లేదని అనను. మే నెల ఎండల్లో ఊరంతా ఉడికిపోతుంటే మా హాలు చల్లగా ఉండేది. ఇల్లు కట్టినప్పుడే దూలానికి వేలాడదీసిన పొడవాటి తాళ్ళ ఉయ్యాల ఒక్క ఊపుకే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్ళేది. కానీ ఆ ఉయ్యాల మీద కూడా నోరు మూసుకునే ఊగాలి... ఎందుకో అర్థమయ్యే ఉంటుంది!

ఒక ఎండాకాలం మా శారదక్క పురిటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. ఒకరోజు పొద్దున పిల్లాడి కంటి మీద రెట్ట పడింది. తుడిచినా, మందు వేసినా ఆ కన్ను రెండు రోజులు వాచి ఉంది. అక్క ఒకటే ఏడుపు. సగం ఎత్తులో చెక్కలతో కప్పు వేయిద్దామని నాన్న అంటే, హాలు దర్జా పోతుందని తాత ఒప్పుకోలేదు.

"రెట్ట పడితే తుడుస్తే పోతది. హాలు షాన్ పోతే మళ్ళ వస్తదా?"

పిల్లాడిని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ రోజు అక్క అత్తగారి వాళ్ళంతా వచ్చారు. తాత వాళ్ళను హాల్లోనే బంతికి కూర్చోబెట్టి, కప్పు వైపు చేయి చూపిస్తూ ఆ దూలాలు ఎక్కడి నుంచి తెప్పించాడో చెబుతున్నాడు. అమ్మ వేడి పోలెల మీద, అదే బొబ్బట్ల మీద, నెయ్యి వడ్డిస్తోంది. అప్పుడు పడింది... మురిగిపోయిన పావురం గుడ్డు. తిన్నగా అక్క అత్తగారి కంచంలో!

ఆ వాసన... వద్దులెండి. పక్కనున్నావిడ అక్కడే వాంతి చేసుకుంది.

అక్క అత్తగారు లేచి నిలబడింది. పైట కొంగుతో చెంప తుడుచుకుంటూ అంది: "మామా, తప్పనుకోకుండ్రి. పసిగుడ్డును గిసొంటి ఇంట్ల ఉంచం. తల్లిని, పిల్లగాన్ని ఇయ్యాల్నే తీస్కపోతం."

అక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా సరిగ్గా నడవలేని ఒళ్ళు. బయట నిప్పులు చెరిగే ఎండ. ఊరు దూరం. అందరం తాత వైపే చూశాం. ఆయన గొంతు సవరించుకుని, "ఎన్నడన్న ఒకసారి పడ్తది... దానికే గింత పరేషాన్ ఎందుకమ్మా?" అన్నాడు.

అప్పుడు లేచింది నానమ్మ. తాత మాటకు ఎదురు చెప్పడం మేమెప్పుడూ వినలేదు.

"నీ షాన్ నీకే ముబారక్. నా మన్మరాలు నా ఎంట వస్తది."

తనే తొట్టె తాళ్ళు విప్పింది. ఇంటి వెనక జొన్నల బస్తాలు పెట్టే మట్టి గది ఉండేది. చేయి ఎత్తితే కప్పు తగిలేంత చిన్నది. అమ్మా, చిన్నమ్మా బస్తాలు బయటకు లాగి, ఊడ్చి, నీళ్ళు చల్లారు. తొట్టె అక్కడ కట్టారు. అక్క అత్తగారు గుమ్మంలో వంగి లోపలికి వచ్చింది. నాలుగు మూలలా కప్పు తడిమి చూసింది.

"ఈడనైతే ఉండనియ్యుండ్రి," అంది చివరికి. "ఆకలైతాంది, అన్నం పెట్టుండ్రి."

మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతుంటే అందరం ఆ గదిలోనే తిన్నాం. పిల్లాడికి పేరూ అక్కడే పెట్టారు. తాత మాత్రం హాల్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎవరూ పిలవలేదు... పాపం అనిపించింది, కోపమూ తగ్గలేదు.

సాయంత్రం ఆయనే వంగి లోపలికి వచ్చాడు. మనవరాలి పక్కన కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, "వడ్లాయనకు కబురు పెట్టిన. రేపు వస్తడు," అన్నాడు. నానమ్మ పోలెల కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

వడ్రంగి వచ్చాడు, చెక్కల కప్పు పడింది, రోషన్‌దాన్లకు జాలీలు బిగించారు. పిల్లాడికి మూడో నెల వచ్చేదాకా అక్క మా దగ్గరే ఉండి, నిమ్మళంగా వెళ్ళింది.

ఈమధ్య బీదర్‌లో ఏడాది కిందట ఇల్లు కట్టుకున్న ఒక స్నేహితురాలి ఇంటికి విందుకు వెళ్ళాను. మళ్ళీ అదే ఎత్తు హాలు... దానికిప్పుడు 'డబుల్ హైట్' అని పేరు. అందరూ సెల్ఫీలు దిగుతున్నారు. ఆవిడ మెల్లగా నా చెవిలో చెప్పింది, ఏసీ ఎంతసేపు పెట్టినా చల్లబడట్లేదట, బూజు దులపడానికి ఎవరూ దొరకట్లేదట. మరి కట్టేముందే మీ ఆయనకు చెప్పలేకపోయావా అంటే, "ఆయనకు ఇష్టం" అని నవ్వేసింది.

ఆ నవ్వు చూశాక ఇంటికొచ్చి ఇది రాశాను. మా ఇంట్లో కనీసం గట్టిగా పోట్లాడి, గట్టిగా ఏడ్చి, కప్పు కిందికి దించుకున్నాం... ఇప్పుడు అసహ్యాలన్నీ ఫొటోలో పడకుండా పక్కకు జరిపేసి నవ్వుతున్నాం.

మీ ఇంట్లోనూ ఒక్కరి గొప్ప కోసం అందరూ ముక్కు మూసుకుని భరించినది ఏదైనా ఉందా? దాన్ని మొదట వద్దన్నది ఎవరు? కామెంట్లలో చెప్పండి... ఆ మనిషి పేరుతో సహా.