సుంకులత్త కాపలా కాసిన గుడ్డు

మా చిన్నప్పుడు... బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మూల పడేసి, బుడ్డలు ఒలిచే చాట ముందు చతికిలబడేదాన్ని. బుడ్డలంటే మా కర్నూలు వైపు వేరుశనక్కాయలు లెండి. చాటకు అవతలి వైపు మా సుంకులత్త... నాన్న చెల్లెలు.

"ఈ పొద్దు అయివారు ఏం చెప్పినాడు పాపా?" అని అడిగేది.

మా సైన్సు అయివారు పాఠం తక్కువ, వింతలు ఎక్కువ చెప్పేవారు. చంద్రుడి మీద గాలీ వానా లేవు, అక్కడ అడుగు వేస్తే ఆ గుర్తు లక్షల ఏళ్లయినా చెరగదట... పుట్టిన బిడ్డకు పెద్దవాళ్లకంటే ఎక్కువ ఎముకలుంటాయట, పెరిగేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుంటాయట... అన్నీ మూటగట్టుకొచ్చి అత్త ముందు కుమ్మరించేదాన్ని. అత్త నోరు తెరుచుకుని వినేది. నాకంటే మంచి విద్యార్థి ఆమే అనిపించేది.

ఎముకల సంగతి చెప్పిన రోజు మాత్రం తల వంచుకుంది. "అన్ని ఎముకలుండీ... ఎత్తుకుంటే దూది మాదిరి ఉండెనే" అంది మెల్లగా.

అత్తకు ఒక్కతే కూతురు పుట్టింది. నడక రాకముందే జ్వరమొచ్చి పోయింది. మరుసటి ఏడే మామ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అత్త ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికి వచ్చేసింది.

ఇంకో రోజు బట్టమేక పిట్ట సంగతి చెప్పాను. అప్పట్లో మా ఊరి బీళ్లలో తిరిగేది... పొడుగు మెడ, పొడుగు కాళ్లు, ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఒకటి. "ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుందట అత్తా. గూడు కూడా కట్టదట, ఉత్త నేల మీదే పెడుతుందట" అన్నాను.

అత్త చేతులు ఆగిపోయాయి. "ఒకటేనా? అది గూడా పోతే?"

నాకేం తెలుసు... అయివారు అంతవరకే చెప్పారు.

ఆ ఏడు వానలు పడ్డాయి. మా చేలో బుడ్డలు విత్తుతున్నారు. గొర్రు వెనక నడుస్తూ విత్తనం వదిలేది పిల్లలున్న తల్లులే. బిడ్డ పోయిన ఆడది విత్తనం తాకితే మొలక రాదని మావాళ్ల నమ్మకం. ఎవడు కనిపెట్టాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ! అత్త దూరంగా గట్టు మీద కూర్చుంది. పక్కన నేను.

గొర్రు చేను మూలకు వస్తుండగా ఓ పెద్ద పిట్ట ధడాలున పైకి లేచింది. అత్త పరుగెత్తుకెళ్లి ఎద్దులకు ఎదురుగా నిలబడిపోయింది. ఆమె కాళ్ల దగ్గర, మన్ను రంగులో, ఒకే ఒక గుడ్డు...

"విత్తనాల పొద్దు ఎదురొస్తావేమ్మే? బుద్ధుండాదా నీకు!" అని జేజినాయన అరిచాడు. అత్తకు సొంత తండ్రి ఆయన.

"తిట్టు నాయనా, ఎంతైనా తిట్టు. దానికి ఒకటేనంట. తొక్కితే మల్ల ఏడాది దాకా లేదంట" అంది అత్త. పక్కకు మాత్రం జరగలేదు.

నాన్న ఆమె ముఖం చూశాడు. ఎద్దులను పక్కకు తిప్పాడు. "ఆ జాగా ఇడిసిపెట్టండప్పా. ఆ మూల పండకుంటే చచ్చిపోంలే" అన్నాడు.

అప్పటి నుంచి అత్త రోజూ సద్ది కట్టుకుని చేనికి పోయేది. పిట్ట బెదరకుండా దూరంగా కూర్చుని కుక్కల్ని, కాకుల్ని తోలేది. ఇంట్లో అందరూ నవ్వుకున్నారు... "గుడ్డు నువ్వే పొదిగేటట్టుండావే" అని అమ్మ ఆటపట్టించేది. అత్త కూడా నవ్వేది. ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

పిల్ల బయటికి వచ్చిన రోజు చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "నడుస్తాండాది పాపా! అప్పుడే నడుస్తాండాది!" అని నన్ను పట్టుకుని ఏడ్చేసింది. తన బిడ్డ నడవడం అత్త చూడలేదు కదా...

ఆ ఏడు పంట ఎప్పటిలాగే వచ్చింది. అత్త ఎదురొచ్చిందని ఒక్క గింజా తగ్గలేదు.

కొన్నేళ్లకు మా చేల మీదుగా కరెంటు తీగలు వచ్చాయి. బోర్లలోంచి నీళ్లు పైకొచ్చాయి, అందరం సంతోషించాం... అబద్ధమెందుకు. ఒక ఉదయం ఆ తీగల కింద బట్టమేక పిట్ట చచ్చిపడి ఉంది. మొదట చూసింది అత్తే. అది మా చేలో పుట్టిన పిల్లేనో కాదో ఎవరు చెప్పగలరు?

నేను అయివారిని అడిగాను. "దాని కళ్లు తలకు పక్కల ఉంటాయమ్మా. పక్క నుంచి వచ్చే కుక్క కనబడుతుంది, ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. దగ్గరికొచ్చాక చూసినా, ఆ బరువుతో చప్పున తిరగలేదు" అన్నారు. అలవాటు కొద్దీ ఆ మాట కూడా మోసుకొచ్చి అత్తకు చెప్పాను.

"ఇంక చాలు పాపా... నాకింకేం చెప్పాకు" అంది.

ఆ తర్వాత అయివారు ఏం చెప్పారని అత్త ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అత్త కర్నూలు పక్క కల్లూరులో మా దగ్గరే ఉంటోంది. చూపు బాగా తగ్గింది. నేను ఊరికి వెళ్లి వచ్చినప్పుడల్లా, కాళ్లు కడుక్కోకముందే ఒకటే ప్రశ్న... "కనపడెనా పాపా?"

లేదత్తా అంటాను. మా వైపు ఆ పిట్ట కనిపించి ఏళ్లు గడిచిపోయాయని ఊళ్లో అందరూ అంటారు. ఆ మాట మాత్రం అత్తకు చెప్పలేదు. ఇంకేం చెప్పొద్దంది కదా...

"యాడో ఒకటి ఉంటాదిలే. దానికీ ఒక గుడ్డు ఉంటాది" అని తనే సర్దిచెప్పుకుంటుంది.

మన కర్నూలు, కడప బీళ్లలో మీరెప్పుడైనా బట్టమేక పిట్టను చూశారా? చిన్నప్పుడు చూసినదైనా సరే... ఏ చేలో చూశారో, ఎట్లా నడుస్తోందో కింద రాయండి. అత్తకు చదివి వినిపిస్తాను. నిన్ననే చూసినట్టు చదువుతాను.