బండ ఎత్తే బండి

అతన్ని క్వారీలో అందరూ కాటా అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. కొండ నుంచి విడదీసిన రాతిదిమ్మె చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో తట్టి, "పద్దెనిమిది టన్నులు, పైన ఇంకో మనిషి బరువు" అని చెప్పేసేవాడు. గేటు దగ్గర లారీని తూచాక తేడా వస్తే తూకం యంత్రానిదే తప్పని అతని నమ్మకం. రెండుసార్లు నిజంగానే యంత్రానిదే తప్పని తేలింది. అంతే, ఆనాటి నుంచి అతని కంటికి ఎవరూ ఆనలేదు. బూట్లకు దుమ్ము అంటనివాళ్ళు మరీనూ.

పందొమ్మిదేళ్ళు అతను నడిపింది ఒకటే లోడరు. మలుపు తిరగాలంటే మధ్యలో నడుం దగ్గర వంగే బండి, ముందు రెండు ఉక్కు ఫోర్కులు. దాన్ని తిట్టని పూట లేదు. ఒక ఉదయం దిమ్మెతో మలుపు తిప్పుతుండగా ఆ నడుం ఫెళ్ళున విరిగింది. మెకానిక్ కింద దూరి చూసి, గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ లేచాడు.

"వెల్డింగు మీద వెల్డింగు ఎన్నిసార్లు వేస్తాను? ఇంక అతకడానికి ఇనుము మిగల్లేదు," అన్నాడు.

కొత్త బండి కొనే పని యజమాని అల్లుడి చేతికి వచ్చింది. యజమానికి మోకాళ్ళు అరిగిపోయి ఇల్లు కదలడం లేదు. అల్లుడు క్వారీకి వచ్చి ఏడాదయింది. రాయి ఎటువైపు చీలుతుందో ఇప్పటికీ తెలియదు గాని, రాయి గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగలడు. ఆఫీసు గదిలో బల్ల నిండా రంగురంగుల బొమ్మల పుస్తకాలు పరిచి కాటాను పిలిపించాడు.

"ఇది చూడు. ఎంత పెద్ద బకెట్టో! లోపల ఏసీ, కెమెరా, టీవీ అంత స్క్రీను."

కాటా కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు కూడా. "మనం ఎత్తేది కంకర కాదండీ, బండ. బకెట్టుతో ఏం చేస్తాం, స్నానమా?"

అల్లుడి ముఖం ఎర్రబడింది. "ఇరవై రెండు టన్నులు ఎత్తుతుందని రాశారయ్యా ఇందులో. చదవడం రాదా?"

"చదవడం వచ్చు. ఆ లెక్క బండి తిన్నగా నిలబడ్డప్పటిది. నడుం వంచితే అంత మొయ్యలేదు. మేం తిన్నగా పోతే నేరుగా గోతిలోకి పోతాం, తిప్పాలి కదండీ!"

వారం తిరక్కుండా కంపెనీవాళ్ళు ఆ బండికి బకెట్టు తీసి ఫోర్కులు తగిలించి, చూపించడానికి తెచ్చారు. వెంట వచ్చిన సేల్స్ మనిషి తేనె పూసినట్టు మాట్లాడతాడు. దుమ్ము పడిన ప్రతిసారీ బూట్లను ప్యాంటు వెనక్కి రాసుకుంటూ, తనే ఒక చిన్న దిమ్మెను ఎంచుకుని, తమ డ్రైవరు చేత ఎత్తించాడు. అల్లుడు చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ కొట్టారు. కొట్టకపోతే ఎవరు చూస్తారోనని.

"అది నా భార్య వంటింట్లో జరిపే పీటంత ఉంది," అన్నాడు కాటా. "దీన్ని ఎత్తమనండి." అతను చూపించింది మర్నాడు లారీ ఎక్కాల్సిన దిమ్మె. పందొమ్మిది టన్నులని ముందే చెప్పాడు.

డ్రైవరు తటపటాయించాడు. సేల్స్ మనిషి నవ్వుతూ తల ఊపాడు. బండి ఎత్తింది. తిన్నగా నాలుగు గజాలు నడిచింది కూడా. అల్లుడు కాటా వైపు తిరిగి, "చూశావా?" అన్నాడు.

"ఇప్పుడు తిప్పమనండి. మనుషులందర్నీ దూరంగా జరగమనండి."

డ్రైవరు స్టీరింగు తిప్పాడు. బండి నడుం వంగింది. మరుక్షణం వెనక చక్రాలు రెండూ నేలను వదిలేశాయి. డ్రైవరు బెదిరి ఫోర్కులు దించేసరికి దిమ్మె ఒక్క జారు జారి, మూల మీద పడి, రొట్టె విరిచినట్టు రెండయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుమ్ము సర్దుకుంది.

"నేల ఎగుడుదిగుడుగా ఉంది," అన్నాడు అల్లుడు.

కాటా పగలబడి నవ్వాడు.

"నవ్వడానికా నీకు జీతం?"

"జీతం బండి నడపడానికేనండీ. నవ్వు ఉచితం."

ఇంత జరిగినా అల్లుడు ఆ బండే కొంటానన్నాడు. మాట ఇచ్చేశాడట. ఇచ్చిన మాట కన్నా, తప్పయిందని ఒప్పుకోవడం అతనికి బరువు.

ఆ సాయంత్రమే కాటా యజమాని ఇంటికి వెళ్ళాడు. ఈ లోకంలో అతను గౌరవించిన మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆయనొక్కడే. ఒకప్పుడు కాటా కాదంటే దిమ్మెను కదిలించనిచ్చేవాడు కాదు. ఇప్పుడు కుర్చీలో మోకాళ్ళకు మందు రాసుకుంటూ అంతా విన్నాడు. విని, తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నిజమేరా. కానీ అల్లుడి మాట తీసేస్తే బాగుంటుందా? ఎలాగో సర్దుకో."

"నా మీద పడితే కూడా సర్దుకోమంటారా?"

ఆయన మందు డబ్బా మూత బిగించడంలో మునిగిపోయాడు. ఎవరినైనా పూచికపుల్లలా తీసిపారేయడం కాటాకు అలవాటే. ఈయన్ను కూడా ఆ కుప్పలోనే పడేయాల్సి రావడం మాత్రం కొత్త. చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి యజమాని కూతురు వచ్చింది.

"బాబాయ్, వెనక చక్రాలు లేచిన మాట నిజమేనా?"

"మీ ఆయన్నే అడుగమ్మా."

"అడిగాను. నేల బాగాలేదన్నారు. పొద్దున వచ్చి నేలను చూస్తాను."

వచ్చింది. నేల అరచేతిలా చదునుగా ఉంది. ఆమె భర్తను ఒక్క మాటా అనలేదు; ఆ అనకపోవడం చూసి కాటాకే కాస్త జాలేసింది. కొద్దిసేపే. ఆమె ఆ బండిని వెనక్కి పంపి, వేరే మూడు కంపెనీల బండ్లు రప్పించింది. ఒకటే దిమ్మె, ఒకటే మలుపు. అన్నీ కాటాయే నడపాలంది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మొదటిదానికి టైర్లు మెత్తన అన్నాడు. రెండోదాని అద్దంలోంచి ఫోర్కుల కొసలు కనపడవన్నాడు. మూడోది పందొమ్మిది టన్నులతో రెండువైపులా పూర్తిగా తిరిగినా చక్రం నేలను వదల్లేదు. వెనక దిట్టమైన ఇనుప బరువు, రాతిమీద నలగని టైర్లు. దిగి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "హారన్ బాగాలేదు," అన్నాడు.

"నీకు ఏదీ నచ్చదు బాబాయ్. తక్కువ అసహ్యం వేసేది ఏదో అది చెప్పు."

జీవితమంతా కాదనడమే తెలిసిన మనిషికి ఔననడానికి నోరు తిరగలేదు. చాలాసేపు బూటుతో కంకర తన్ని, చివరికి మూడోదాని వైపు గడ్డం ఎగరేశాడు.

అది వచ్చాక మరో అవమానం. చూపించినదానికి ఉన్న స్టీరింగు చక్రం కొన్నదానికి లేదు, అంతా చిన్న కర్రతో తిప్పడమే. మొదటి వారం అతను వంకరటింకరగా పోతుంటే కార్మికులు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. నేర్పడానికి వచ్చిన కంపెనీ మనిషిని రెండోరోజే పొమ్మన్నాడు. అన్నాల వేళ అందరూ నీడకు చేరాక, ఖాళీ ఫోర్కులతో ఒంటరిగా తిప్పుకుంటూ నేర్చుకున్నాడు. ఇంట్లో భార్య అడిగింది: "అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"వాడికేం తెలుసు?" అన్నాడు.

"నీకూ తెలియకే కదా తిండి మానేసి తిరుగుతున్నావు."

నెల దాటేసరికి చెయ్యి కుదిరింది. లారీ మీద దిమ్మెను చప్పుడు కాకుండా దించుతుంటే నవ్వినవాళ్ళే ఆగి చూసేవారు. అతను మాత్రం హారన్‌ను తిట్టడం మానలేదు.

వర్షాలు వెనకపట్టాక రాయి కొనేవాళ్ళు కొందరు క్వారీ చూడ్డానికి వచ్చారు. అల్లుడు వాళ్ళను లోడరు ముందుకు తీసుకొచ్చి, ఫోర్కుల మధ్య నిలబడి చెయ్యి ఊపుతూ, "చాలా పరిశీలించి నేనే ఎంపిక చేశాను," అంటున్నాడు. క్యాబిన్‌లో కాటా అంతా విన్నాడు. కాదనలేదు. అద్దం దించి తల బయట పెట్టాడు.

"అల్లుడుగారూ, ఫోర్కుల ముందు మనుషులు నిలబడకూడదు. పక్కకు జరగండి."

అల్లుడు జరిగాడు.